బంతితో పాటే పరుగు: ఫుట్‌బాల్ ‘ప్రెసింగ్’ వెనుక ఉన్న లెక్కలు

2014 జులై 8. బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటె నగరంలో ప్రపంచ కప్ సెమీఫైనల్ జరుగుతోంది. మన దగ్గర అప్పటికే తేదీ మారిపోయి రాత్రి రెండు కావస్తోంది. నిద్ర ఆపుకుని టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఆ ఆటలో 26వ నిమిషం గుర్తుండే ఉంటుంది. జర్మనీ అప్పటికే 3-0 ఆధిక్యంలో ఉంది. బ్రెజిల్ మైదానం మధ్య నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టింది. కాసేపటికి బంతి వాళ్ల సొంత సగంలోనే ఉన్న ఫెర్నాండిన్యో దగ్గరికి వచ్చింది. అతను నిలదొక్కుకునే లోపే జర్మనీ మిడ్‌ఫీల్డర్ టోనీ క్రూస్ మీదికి వచ్చి బంతిని లాక్కున్నాడు. పక్కనే ఉన్న ఖెదీరాకు ఇచ్చి, తిరిగి తీసుకుని గోల్ కొట్టాడు. క్రూస్ అంతకుముందు కొట్టిన గోల్‌కూ దీనికీ మధ్య గడిచిన కాలం 69 సెకన్లు.

చూసేవాళ్లకు అది ఫెర్నాండిన్యో చేసిన పొరపాటుగానే కనిపిస్తుంది. పొరపాటే, కాదనలేం. కానీ ఆ పొరపాటు ఊరికే జరగలేదు. బంతి అందుకున్నాక అతనికి తల ఎత్తి చూసే వ్యవధి దొరకలేదు. ఆ వ్యవధి దొరకకుండా చేయడాన్నే ఫుట్‌బాల్‌లో ‘ప్రెసింగ్’ అంటారు. బంతి తమ దగ్గర లేనప్పుడు వెనక్కి వెళ్లి గోల్ ముందు కాపలా కాయడానికి బదులు, బంతి ఉన్న చోటికే వెళ్లి ఎదుటి జట్టును తొందరపెట్టే పద్ధతి ఇది. టీవీ వ్యాఖ్యాతలు రోజూ వాడే మాటే అయినా, దాన్ని చాలామంది ‘బాగా పరుగెత్తడం’ అనే అర్థంలో తీసుకుంటారు. మన పాఠశాలల మైదానాల్లో కూడా గట్టు మీద నుంచి ‘ప్రెస్, ప్రెస్!’ అని ఒక కేక వినిపిస్తుంది. వెంటనే ఒక పిల్లవాడు ఒంటరిగా బంతి వెంట పడతాడు. ఎదుటివాళ్లు రెండు పాస్‌లతో అతన్ని దాటేస్తారు. పిల్లవాడికి ఆయాసం మిగులుతుంది, తిట్లు కూడా అతనికే పడతాయి. తప్పు మాత్రం అతని కాళ్లలో లేదు. ఎక్కడుందో తెలియాలంటే కాస్త రేఖాగణితం, కాస్త భౌతికశాస్త్రం, కాస్త శరీరధర్మశాస్త్రం కావాలి. అన్నీ పదో తరగతి స్థాయివే.

850 గజాల స్థలం

అంతర్జాతీయ పోటీలు జరిగే మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే 7,140 చదరపు మీటర్లు. గోల్‌కీపర్‌ను పక్కన పెడితే మిగిలిన పదిమందీ దీన్ని సమానంగా పంచుకున్నారనుకుందాం. ఒక్కొక్కరి వాటాకు 714 చదరపు మీటర్లు వస్తాయి. మనకు బాగా తెలిసిన కొలతలో చెప్పాలంటే దాదాపు 850 గజాల స్థలం. అంత స్థలానికి ఒక్క మనిషిని కాపలా పెడితే దొంగ ఎటు నుంచైనా దూరతాడు.

కాబట్టి మైదానమంతా కాపాడాలనే ఆశను ముందే వదులుకోవాలి. బంతి కుడి మూల ఉంటే ఎడమ మూలను ఖాళీగా వదిలేసినా అప్పటికప్పుడు వచ్చే నష్టం తక్కువ, ఎందుకంటే బంతి అక్కడికి చేరడానికి సమయం పడుతుంది. పదిమందీ కలిసి 35 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉన్న ఒక దీర్ఘచతురస్రంలోకి దగ్గరగా జరిగి, బంతి ఎటు కదిలితే అటు ఆ దీర్ఘచతురస్రం మొత్తం కదిలేలా చూస్తే, ఒక్కొక్కరి వాటా 157 చదరపు మీటర్లకు తగ్గుతుంది. అంటే సుమారు 190 గజాలు. ఇక్కడ కాపలా సాధ్యమే.

మైదానాన్ని ఇలా కుదించడానికి ఫుట్‌బాల్ చట్టమే సాయం చేస్తుంది. ఎదుటి జట్టు సగంలో ఉన్న ఆటగాడు, సహచరుడు తనకు పాస్ ఇచ్చే క్షణంలో బంతి కన్నా, చివరి నుంచి రెండో డిఫెండర్ కన్నా ముందు ఉంటే ఆఫ్‌సైడ్. అందువల్ల డిఫెండర్ల వరస మధ్యగీత దాకా ముందుకు జరిగితే ఎదుటి ఫార్వర్డ్‌లు కూడా వాళ్లతో పాటు అక్కడిదాకా రాక తప్పదు. ఈ నిబంధన లేకపోతే ఎదుటి జట్టు ఇద్దరిని ఎప్పుడూ గోల్ ముందే నిలబెట్టి ఉంచేది, ప్రెసింగ్ అనే ఆలోచనే పుట్టేది కాదు. ముందు వరస పరుగెత్తడం అందరికీ కనిపిస్తుంది. వెనుక వరస 20 మీటర్లు ముందుకు రావడం ఎవరి కంటా పడదు. నా ఉద్దేశంలో ప్రెసింగ్‌లో ధైర్యం కావాల్సింది ఆ వెనుక వరసకే.

దీపం ముందు చెయ్యి

కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి ముందు చెయ్యి పెట్టి గోడ మీద నీడలు వేయడం చిన్నప్పుడు అందరం ఆడిన ఆటే. చెయ్యి గోడకు దగ్గరగా ఉంటే నీడ చేతి అంతే ఉంటుంది. మంట దగ్గరికి జరిపేకొద్దీ నీడ పెరిగి గోడంతా కమ్మేస్తుంది. ప్రెసింగ్ చేసే ఆటగాడు చేసేది కూడా ఇదే. బంతి ఉన్న ఆటగాడు దీపం, ప్రెస్ చేసేవాడు చెయ్యి. అతని వెనుక పడే ‘నీడ’లో నిలబడ్డవాళ్లకు నేల మీద నుంచి పాస్ ఇవ్వడం కుదరదు.

సరూప త్రిభుజాలతో దీన్ని లెక్కకట్టవచ్చు. శరీరం, కాలు చాచగలిగే మేర కలిపి డిఫెండర్ 1 మీటరు వెడల్పును అడ్డుకోగలడనుకుందాం. పాస్ అందుకోవలసినవాడు బంతికి 15 మీటర్ల దూరంలో ఉన్నాడు. డిఫెండర్ బంతికి 10 మీటర్ల దూరంలో ఆగిపోతే, 15 మీటర్ల దగ్గర అతని నీడ వెడల్పు 1.5 మీటర్లు. ఎదుటివాడు ఒక అడుగు పక్కకు వేస్తే చాలు, బయటపడతాడు. అదే డిఫెండర్ 3 మీటర్ల దూరానికి వస్తే నీడ 5 మీటర్లవుతుంది. ఇప్పుడు బయటపడాలంటే పరుగెత్తాలి, పరుగెత్తేలోపు కాలం గడిచిపోతుంది.

మరీ దగ్గరికి వెళ్తే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. అక్కడే ఒక మెలిక ఉంది. గట్టిగా తన్నిన పాస్ సెకనుకు 15 మీటర్ల వేగంతో వెళ్తుంది. మనిషి కంటితో చూసి కదలడానికి కనీసం 0.2 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో బంతి 3 మీటర్లు పోతుంది. అంటే అంతకన్నా దగ్గరికి వెళ్లినవాడు బంతిని చూసి కాలు చాచలేడు, కాలు ముందే సరైన చోట ఉండాలి. పైగా పూర్తి వేగంతో మీదికి దూసుకొచ్చినవాణ్ని చిన్న మలుపుతో తప్పించుకోవడం తేలిక. అందుకే మంచి ఫార్వర్డ్‌లు పది మీటర్లు వేగంగా పరుగెత్తి, చివరి రెండు మూడు మీటర్లలో చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఒక పక్కకు తిరిగి నిలబడతారు.

పరుగు దారి కూడా నేరుగా ఉండదు, విల్లులా వంగి ఉంటుంది. మైదానం మధ్యలో ఉన్న మిడ్‌ఫీల్డర్‌ను తన నీడలో ఉంచుకుంటూ లోపలి వైపు నుంచి వంపు తిరిగి వస్తే, బంతి ఉన్నవాడికి పక్కగీత వైపు తప్ప దారి ఉండదు. అక్కడికి వెళ్తే గీత కూడా ఒక డిఫెండరే. మైదానం మధ్యలో ఉన్నవాడికి చుట్టూ 360 డిగ్రీల్లో పాస్ ఇచ్చే వీలుంటే, గీత మీద ఉన్నవాడికి 180 డిగ్రీలే. జీతం అడగని, అలసిపోని ఆటగాడు ఆ గీత.

పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలి

అసలు రహస్యం ఇక్కడుంది. మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా బంతి కన్నా వేగంగా పరుగెత్తలేడు. మరి బంతి చేరిన చోటికి సమయానికి ఎలా వెళ్తాడు? బంతి ప్రయాణిస్తున్న కాలాన్ని తను వాడుకుంటాడు.

ఒక సెంటర్‌బ్యాక్ పక్కనున్న ఫుల్‌బ్యాక్‌కు 25 మీటర్ల పాస్ ఇచ్చాడనుకుందాం. గడ్డి మీద దొర్లుతూ బంతి సగటున సెకనుకు 12 మీటర్ల వేగంతో వెళ్తే, చేరడానికి దాదాపు 2.1 సెకన్లు పడుతుంది. అందుకున్నవాడు బంతిని అదుపు చేసి, తల ఎత్తి, తర్వాతి పాస్ ఇవ్వడానికి ఇంకొక సెకను అనుకుందాం. ఇప్పుడు ఇద్దరు డిఫెండర్లను పోల్చి చూద్దాం.

మొదటివాడు పాస్ బయలుదేరిన క్షణంలోనే కదిలాడు. స్పందించడానికి 0.3 సెకన్లు పోగా బంతి చేరేలోపు అతనికి 1.8 సెకన్లు మిగులుతాయి. నిలబడ్డ చోటి నుంచి 10 మీటర్లు పరుగెత్తడానికి శిక్షణ పొందిన ఆటగాడికి పట్టే కాలం సుమారు అంతే. ఆ తర్వాతి సెకనులో అతను వేగం అందుకుని ఉంటాడు కాబట్టి మరో 6 మీటర్లు పోతాడు. మొత్తం 16 మీటర్లు.

రెండోవాడు బంతి ఫుల్‌బ్యాక్ కాళ్ల దగ్గరికి చేరడం చూశాక కదిలాడు. అతనికి ఉన్నది ఒకే ఒక సెకను. అందులో 0.3 స్పందనకు పోతుంది. మిగిలిన 0.7 సెకన్లలో, నిలకడ నుంచి త్వరణం పొందుతూ, 2 నుంచి 3 మీటర్లు దాటలేడు.

ఇద్దరి కాళ్ల వేగం ఒక్కటే. ఒకరు 16 మీటర్లు వెళ్లారు, ఇంకొకరు 3 మీటర్లు కూడా వెళ్లలేదు. మొదట్లో చెప్పిన పిల్లవాడి సమస్య ఇదే. గట్టు మీద నుంచి కేక వినిపించేసరికి బంతి చేరిపోయి ఉంటుంది.

ఈ లెక్కను బట్టే ‘సంకేతాలు’ పుట్టాయి. అంటే ఫలానాది జరిగితే అందరూ ఒకేసారి కదలాలని ముందే అనుకున్న గుర్తులు. నెమ్మదిగా దొర్లే పాస్ అందులో మొదటిది. 25 మీటర్ల పాస్ సెకనుకు 8 మీటర్ల సగటు వేగంతో వెళ్తే 3 సెకన్లకు పైనే పడుతుంది. డిఫెండర్‌కు ఉచితంగా ఒక సెకను, అంటే ఆరేడు మీటర్లు దొరికినట్టు. పెద్ద క్లబ్బులు ఆటకు ముందు గడ్డిని తడిపేది కూడా అందుకే. తడి గడ్డి మీద బంతికి నిరోధం తగ్గి పాస్ వేగంగా సాగుతుంది. ఎండిన, ఎత్తుగా పెరిగిన గడ్డి ప్రెస్ చేసే జట్టుకు చుట్టం.

మిగతా సంకేతాలు కూడా ఇలాంటివే. వెనక్కి ఇచ్చిన పాస్, ఎందుకంటే అప్పుడు ప్రెస్ చేసేవాళ్లంతా ముందుకే చూస్తూ పరుగెత్తవచ్చు. బంతి కాలికి తగిలి ఎగిరిపడటం. సొంత గోల్ వైపు ముఖం పెట్టి అందుకోవడం. బలహీనమైన కాలి వైపు బంతి రావడం. ఎత్తుగా గాలిలో వచ్చే బంతి, ఎందుకంటే అందుకునేవాడి కళ్లు ఆకాశంలో ఉంటాయి.

కబడ్డీ తెలిసినవాళ్లకు కొత్త కాదు

సంకేతం చూసి ఒకడే కదిలితే లాభం లేదని కబడ్డీ ఆడినవాళ్లకు వేరే చెప్పాలా? రైడర్ కూత పెట్టి లోపలికి వచ్చినప్పుడు ఒక డిఫెండర్ తొందరపడి ఒంటరిగా కాలు పట్టబోతే రైడర్ తాకి వెళ్లిపోతాడు. చెయ్యి చెయ్యి పట్టుకున్న జంట అతన్ని మూలకు నెడితే, మధ్యగీతకు దారి మూసేవాడు ఇంకొకడు ఉంటే, అప్పుడు పట్టు. ముందు దారులు మూయాలి, తర్వాతే మనిషి మీద పడాలి.

ఫుట్‌బాల్‌లోనూ మొదటివాడు బంతిని గెలవనక్కర్లేదు. అతని పని బంతిని ఒక వైపుకు తోలడం. రెండోవాడు దగ్గర్లో ఉన్న పాస్ దారిని మూస్తాడు. మూడోవాడు వచ్చే పాస్‌ను ముందే పసిగట్టి అందుకుంటాడు. బంతి దొరికేది చాలాసార్లు మూడోవాడికే. మొదటివాడు బయలుదేరాక రెండోవాడు అర సెకను ఆలస్యం చేస్తే ఏమవుతుంది? ఆ అర సెకనులో బంతి 6 మీటర్లు ప్రయాణిస్తుంది. రెండు వరసల మధ్య నుంచి జారిపోవడానికి అంత చాలు.

ప్రతి పాస్‌కూ బంతి పోనక్కర్లేదని కూడా గమనించాలి. ఒత్తిడి లేనప్పుడు ఒక జట్టు పాస్ సరిగా చేరే అవకాశం 95 శాతం అనుకుందాం. వరుసగా నాలుగు పాస్‌లూ చేరే అవకాశం 0.95ను నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 81 శాతం. ఒత్తిడి వల్ల ఒక్కో పాస్ 80 శాతానికి తగ్గిందనుకుందాం. ఇది పెద్ద తేడాగా కనిపించదు. కానీ నాలుగు పాస్‌లూ చేరే అవకాశం 41 శాతానికి పడిపోతుంది. ఈ అంకెలు వివరణ కోసం తీసుకున్నవే అయినా, చిన్న నష్టాలు గుణింతంలో ఎలా పెరుగుతాయో చూపిస్తాయి. ప్రెస్ చేసే జట్టు వెతికేది ఆ గుణింతాన్నే.

కీవ్‌లో మొదలైన లెక్క

ఈ పద్ధతికి పునాది వేసినవారిలో మొదట వినిపించే పేరు విక్టర్ మస్లోవ్. 1960ల్లో ఆయన డైనమో కీవ్ జట్టుకు కోచ్. 1966 నుంచి 1968 దాకా వరుసగా మూడేళ్లు ఆ జట్టు సోవియట్ లీగ్ గెలిచింది. ఆయన కింద కొంతకాలం ఆడి, ఆయనతో పొసగక జట్టు వదిలిన వలేరీ లొబనోవ్‌స్కీ తర్వాత అదే జట్టుకు కోచ్‌గా వచ్చాడు. ఇంజనీరింగ్ చదివిన మనిషి. అనతోలి జెలెంత్సోవ్ అనే శాస్త్రవేత్తను వెంటబెట్టుకుని ఆటను కొలతలుగా, పరస్పరం ఆధారపడే భాగాలున్న ఒక వ్యవస్థగా చూశాడు. ఆ జట్టు 1975లోనూ, 1986లోనూ యూరప్ కప్ విన్నర్స్ కప్ గెలుచుకుంది. అదే 1970ల్లో నెదర్లాండ్స్‌లో రీనస్ మిఖెల్స్ శిష్యులు తమదైన దారిలో ఇలాంటి ఆటకే చేరుకున్నారు.

1983లో కీవ్ జట్టు శీతాకాల శిక్షణ కోసం జర్మనీ వెళ్లి బక్నాంగ్ అనే చిన్న పట్టణంలో స్థానిక జట్టుతో స్నేహపూర్వక ఆట ఆడింది. ఆ స్థానిక జట్టులో ఆడుతూ శిక్షణ కూడా ఇస్తున్న యువకుడు రాల్ఫ్ రాంగ్నిక్. ఎటు తిరిగినా మీద పడుతున్న ప్రత్యర్థులను చూసి, వాళ్ల జట్టులో పదకొండు మంది కన్నా ఎక్కువ ఉన్నారేమోనని లెక్కపెట్టుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఆ రోజు నాటుకున్న ఆలోచనే జర్మనీ కోచ్‌ల ఒక తరాన్ని మలిచింది. ఇటలీలో ఆరిగో సాకి మిలన్ జట్టుకు బంతి లేకుండానే కదలికలు నేర్పి 1989లోనూ, 1990లోనూ యూరోపియన్ కప్ గెలిపించాడు.

బంతి పోయిన మరుక్షణం

యూర్గెన్ క్లాప్ పేరుతో ముడిపడ్డ ‘గెగెన్‌ప్రెసింగ్’ ఇందులో ఒక ప్రత్యేక రకం. బంతి పోగొట్టుకున్న క్షణంలోనే వెనక్కి పోకుండా అక్కడే మీద పడటం దాని సారం. పెప్ గార్డియోలా బార్సెలోనా ఐదారు సెకన్లు ఇలా ప్రయత్నించి, కుదరకపోతే వెనక్కి వెళ్లేది. రాంగ్నిక్ గడువు ఎనిమిది సెకన్లు.

ఆ కొద్ది సెకన్లకు అంత విలువ ఎందుకు? బంతి అప్పుడే గెలిచినవాడి చూపు బంతి మీదే ఉంటుంది. చుట్టూ ఎవరు ఎక్కడున్నారో చూసి ఉండడు. నార్వే పరిశోధకుడు గేర్ జోర్డెట్ ఆటగాళ్లు బంతి అందుకునే ముందు ఎన్నిసార్లు తల తిప్పి చూస్తారో వీడియోల్లో లెక్కపెట్టాడు. ఎక్కువసార్లు చూసేవాళ్ల పాస్‌లు ఎక్కువగా సరైన చోటికి చేరుతున్నట్టు తేలింది. పెనుగులాటలో బంతి గెలిచినవాడికి ఆ చూసే అవకాశమే ఉండదు. పైగా అతని సహచరులు అప్పటిదాకా రక్షణకు దగ్గరగా ముడుచుకుని ఉన్నారు, పాస్‌కు అనువుగా విచ్చుకుని లేరు. అవతల, బంతి పోగొట్టుకున్న జట్టు మనుషులు పాస్‌ల కోసం అక్కడే గుమిగూడి ఉన్నారు. నాలుగు సెకన్లు గడిస్తే ఈ మూడు అనుకూలతలూ కరిగిపోతాయి. గొప్ప ప్లేమేకర్ సృష్టించే అవకాశం కన్నా ఇలా లాక్కున్న బంతి సృష్టించే అవకాశమే మెరుగని క్లాప్ నమ్మిక. ఎదుటి జట్టు సర్దుకోకముందే బంతి వాళ్ల గోల్‌కు దగ్గర్లో దొరుకుతుంది కాబట్టి అది అతిశయోక్తి అనిపించదు.

శరీరం పెట్టే హద్దు

ఇంత బాగుంటే 90 నిమిషాలూ ఎందుకు చేయరు? చేయలేరు. గరిష్ఠ వేగంతో పరుగెత్తేటప్పుడు కండరం మొదట వాడుకునేది తనలో నిల్వ ఉన్న ఏటీపీని, దాన్ని వెంటనే తిరిగి తయారుచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను. ఈ నిల్వ పది సెకన్ల తీవ్ర శ్రమకు సరిపోతుంది. అందులో సగం తిరిగి నిండటానికి సుమారు అర నిమిషం, దాదాపు పూర్తిగా నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. వరుసగా మూడుసార్లు ప్రెస్ చేసిన ఫార్వర్డ్ నాలుగోసారి కదలకపోతే అది బద్ధకం కాదు, అతని డబ్బా ఖాళీ అయింది. పై స్థాయి ఆటగాడు ఒక ఆటలో 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు, అందులో తీవ్ర వేగంతో చేసేది పదో వంతు మాత్రమే. ఆ కొద్ది భాగాన్ని ఎప్పుడు ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న. బంతిని తమ దగ్గరే పెట్టుకుని నెమ్మదిగా పాస్‌లు ఇచ్చుకునే జట్లు చాలాసార్లు చేస్తున్నది విశ్రాంతే. 2022లో చట్టంగా మారిన ఐదుగురు సబ్‌స్టిట్యూట్‌ల నిబంధన కూడా ప్రెస్ చేసే జట్లకు కలిసొచ్చింది.

మన వాతావరణంలో ఇంకో లెక్క కలుస్తుంది. కండరం వాడే శక్తిలో నాలుగో వంతు కూడా కదలికగా మారదు, మిగిలినదంతా వేడి. ఆ వేడి ప్రధానంగా చెమట ఆవిరై పోవాలి. విశాఖ, కోల్‌కతా, కొచ్చి లాంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుంది తప్ప ఆరదు. కారిన చెమట శరీరాన్ని చల్లబరచదు. గాలి వేడి, తేమ, ఎండ, గాలి వీచే తీరు అన్నీ కలిపి కొలిచే ‘వెట్ బల్బ్ గ్లోబ్’ సూచిక 32 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆట మధ్యలో విరామం ఇవ్వాలని ఫిఫా చెబుతుంది. 2014 ప్రపంచ కప్‌లో అలాంటి విరామాలు ఇచ్చారు కూడా. ఏప్రిల్ మధ్యాహ్నం పిల్లల చేత ఆట పొడవునా ప్రెస్ చేయించే శిక్షకులు ఈ సంఖ్యను గోడ మీద రాసుకోవడం అవసరం. వడదెబ్బ తగిలితే పోయేది ఒక ఆట కాదు, ప్రాణం. తెలివైన దారి ఉంది: మొదటి పది నిమిషాలు, విరామం తర్వాత మరో పది, గోల్ కిక్‌లు, త్రో-ఇన్‌లు ఉన్నప్పుడు ప్రెస్ చేసి, మిగతా సమయం మధ్యగీత దగ్గర దగ్గరగా ముడుచుకుని నిలబడటం.

కొలవడం ఎలా

జట్టు ఎంత గట్టిగా ప్రెస్ చేస్తోందో చెప్పడానికి ఒక తేలికైన కొలత ఉంది. ఎదుటి జట్టు తమ గోల్ వైపున్న మైదానంలో ఇచ్చిన పాస్‌లను, అదే భాగంలో ప్రెస్ చేసే జట్టు చేసిన ట్యాకిల్‌లు, మధ్యలో అందుకున్న బంతులు, ఫౌల్‌ల మొత్తంతో భాగిస్తారు. సంఖ్య ఎంత తక్కువైతే అంత గట్టి ప్రెసింగ్. కానీ ఈ కొలతను నేను పూర్తిగా నమ్మను. ఒత్తిడికి బెదిరి గోల్‌కీపర్ బంతిని దూరంగా తన్నేస్తే అది ప్రెసింగ్ విజయమే, కానీ కొలతలో ఒక్క ట్యాకిల్ కూడా నమోదు కాదు.

ఇంతకన్నా లోతైన దారి స్థలాన్నే కొలవడం. ఇప్పటి ఉక్రెయిన్‌లో పుట్టిన గణితవేత్త గియోర్గి వొరొనోయ్ పేరు మీద ఒక పటం ఉంది. మైదానంలో ప్రతి బిందువునూ దానికి అతి దగ్గరగా ఉన్న ఆటగాడి పేరన రాసేస్తే గళ్లు గళ్లుగా పంచుకున్న పొలంలా వస్తుంది. అయితే దగ్గరగా ఉండటం ఒక్కటే చాలదు, అటు పరుగెత్తుతున్నాడా, ఇటా అన్నది కూడా ముఖ్యం. విలియం స్పియర్‌మన్ ఆటగాళ్ల వేగం, దిశ, బంతి ప్రయాణ కాలం అన్నీ కలిపి, మైదానంలో ఏ చోట బంతి పడితే ఏ జట్టుకు దక్కే సంభావ్యత ఎంతో చెప్పే నమూనాను తయారుచేశాడు. అంతకుముందు ఆయన సెర్న్‌లో హిగ్స్ బోసాన్ మీద పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. 2018లో క్లాప్ శిక్షకుడిగా ఉన్న లివర్‌పూల్ క్లబ్బులో చేరాడు. మరుసటి ఏడాదే ఆ జట్టు ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆ గెలుపును గణితం ఖాతాలో వేయడం మాత్రం ఆటగాళ్లకు అన్యాయం.

తప్పించుకునే దారులు

ప్రెసింగ్‌కు మూల్యం కూడా పెద్దదే. వెనుక వరస మధ్యగీత దాకా వస్తే దాని వెనుక 40 మీటర్లకు పైగా ఖాళీ ఉంటుంది. ఒక్క పాస్ సరిగ్గా పైనుంచి పడితే ఫార్వర్డ్, గోల్‌కీపర్ ఇద్దరే మిగులుతారు. 2014లో అల్జీరియా మీద జర్మనీ ఆడిన ఆటలో గోల్‌కీపర్ మాన్యుయెల్ నాయర్ పెనాల్టీ ఏరియా దాటి మళ్లీ మళ్లీ బయటికి పరుగెత్తుకొచ్చి బంతిని తన్నేయడం ఆ ఖాళీని కాపాడటానికే. నీడ నేల మీదే పడుతుంది కాబట్టి పైనుంచి వెళ్లే బంతిని అది ఆపలేదు.

గోల్‌కీపర్‌ను అదనపు ఆటగాడిగా వాడటం ఇంకో దారి. సహచరుడు కాలితో ఇచ్చిన పాస్‌ను గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్న నిబంధన 1992లో వచ్చింది. మొదట అది ప్రెస్ చేసేవాళ్లకు వరమైంది. తర్వాత గోల్‌కీపర్లు కాళ్లతో ఆడటం నేర్చుకున్నారు. పదిమంది మీద పడుతుంటే పదకొండోవాడు ఖాళీగా ఉంటాడు కదా. 2019 నుంచి గోల్ కిక్‌ను సొంత పెనాల్టీ ఏరియా లోపలే సహచరుడు అందుకోవచ్చు, ఎదుటివాళ్లు మాత్రం బంతి కదిలేదాకా బయటే ఉండాలి. దాంతో ప్రెస్ చేసేవాళ్లు పరుగెత్తాల్సిన దూరం పెరిగింది.

అన్నిటికన్నా పాత దారి ఒకే స్పర్శతో పాస్ ఇచ్చేయడం. మన లెక్కలో బంతిని అదుపు చేసి తల ఎత్తడానికి ఒక సెకను ఇచ్చాం. ఆ సెకనును తీసేస్తే మొదటి డిఫెండర్ 16 మీటర్లు కాదు, 10 మీటర్ల దగ్గరే ఆగిపోతాడు. అతను ఇంకా ఆరు మీటర్ల దూరంలో ఉండగానే బంతి వెళ్లిపోతుంది. ఈ సంగతిని హైదరాబాద్‌లో ఒక ఉపాధ్యాయుడు చాలా ముందే పట్టుకున్నాడు. 1951లోనూ, 1962లోనూ భారత్‌కు ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఆయన. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చిన కాలంలో బంతిని కాలి దగ్గర ఉంచుకుని డ్రిబుల్ చేయడానికి వీల్లేని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవాడని చెబుతారు. మొదటిది ఆ ఒక్క సెకనును కోసేస్తుంది. రెండోది ప్రెస్ చేసేవాళ్లు కాచుకుని ఉండే సంకేతాల్లో ఒకదాన్ని తుడిచేస్తుంది. అప్పటికి మస్లోవ్ ఇంకా కీవ్‌కు చేరలేదు.